ఐదో జమాత్‌లో ఇంగ్లీషు

సిద్దిపేట హైస్కూల్లో ఇంగ్లీషు గంట కొట్టగానే నేను ఎనిమిదో జమాత్ గదిలోంచి లేచి, పుస్తకం చేత పట్టుకొని, ఆవరణ దాటి ఐదో జమాత్‌కు పోయేవాణ్ణి. జమాత్ అంటే తరగతి. లెక్కలు, చరిత్ర, భూగోళం, ఉర్దూ, అన్నిటికీ నేను ఎనిమిదో జమాత్ విద్యార్థినే. ఒక్క ఇంగ్లీషుకు మాత్రం నా భుజం దాకా కూడా రాని పిల్లల మధ్య కూర్చోవాలి.

ఆ ఆవరణ పెద్దదేమీ కాదు. నడుమ ఒక నీళ్ల గోలెం, దాని చుట్టూ బురద. కాని ఎండాకాలం, చలికాలం అన్న తేడా లేకుండా అన్ని గదుల కిటికీలూ తెరిచే ఉండేవి. గంట కొట్టాక బయట ఎవరూ తిరగరు కనుక నేను ఒక్కణ్ణే అందరికీ కనిపించేవాణ్ణి. సదర్ సాహెబు, అంటే మా హెడ్మాస్టరు, ఏదో పనిమీద పంపితే పోతున్నవాడిలాగా వీపు నిటారుగా పెట్టి, తొందర లేకుండా నడిచేవాణ్ణి. రోజూ అదే వేళకు, అదే పుస్తకంతో, అదే గదికి పోయేవాణ్ణి చూసి ఎవరు ఏమనుకుంటారో నాకు తెలుసు. అయినా అట్లాగే నడిచేవాణ్ణి. ఇంకోరకంగా నడవడం మా ఇంట్లో ఎవరూ నాకు నేర్పలేదు.

నా చదువులో ఇంగ్లీషు తరగతులు మూడు. ఐదో జమాత్ వాటిలో చివరిది. మొదటిది గడిలో జరిగింది.

మాది రాయపోల్ దిక్కున ఒక దేశ్‌ముఖ్ కుటుంబం. ఊరి నడుమ మా గడి, అంటే కోటలాంటి దొరల ఇల్లు. అమ్మ నా పసితనంలోనే పోయింది. నాయిన, నాయినమ్మ, నేను, మా చుట్టూ పనివాళ్లు. గడిలో మమ్మల్ని ఎవరూ ప్రశ్న అడిగేవారు కాదు. అది అక్కడి రివాజు. ఆకలైందా అని అడగరు. దొరకు ఆకలైనట్టున్నది అంటారు. ఎక్కడికి పోతున్నారని అడగరు. దొర బయలెల్లినట్టున్నరు అని, చెప్పులు తెచ్చి పెడతారు. ప్రశ్న అడిగితే ఎదుటివాడు జవాబు చెప్పాల్సి వస్తుంది. జవాబు చెప్పుకోవడం రైతులకు ఉన్నది, మాకు లేదు. ఇది తప్పో ఒప్పో అప్పుడు ఎవరూ ఆలోచించలేదు. గాలి ఎట్లా ఉంటుందో రివాజు అట్లా ఉండేది.

ఉర్దూ, లెక్కలూ, మిగతా పాఠాలూ నాకు నాయినే చెప్పారు. ఇంగ్లీషు ఆయనకు రాదు కనుక అది చెప్పడానికి ములుగు నుంచి ఒక పంతులును పిలిపించారు. ఆయన ఏదో కచేరీలో గుమాస్తాగా పనిచేసి మానుకున్నవాడు. బక్కగా ఉండేవాడు, తలపాగా ఎప్పుడూ వదులుగా ఉండేది. నేను కుర్చీలో కూర్చునేవాణ్ణి, ఆయన కింద జంపఖానా మీద కూర్చునేవాడు. పుస్తకం నా ఒళ్లో ఉండేది. ఆయన తల ఎత్తి, పుస్తకాన్ని తలకిందులుగా చూస్తూ ఒక వాక్యం చదివేవాడు. నేను దాన్ని తిరిగి అనేవాణ్ణి. కొన్నాళ్లకు ఆయన సగం వాక్యం చదివితే మిగతా సగం నేను చెప్పేవాణ్ణి. ఆ తర్వాత మొదటి మాట అందిస్తే చాలు, పాఠం చివరిదాకా ఆగకుండా పోయేవాణ్ణి.

ఇది ఏ అక్షరం అని ఆయన నన్ను ఎప్పుడూ అడగలేదు. ఈ మాట చదవమని ఎప్పుడూ అనలేదు. అడగడం ఆయనకు రివాజు కాదు. నాకు తెలియకపోతే ఏం చేయాలి? దొర కొడుకుకు తెలియదన్న సంగతి గడిలో ఎక్కడ పెట్టుకోవాలి? అందుకని ఆయన ముందు అనడం, నేను వెనక అనడం. నేను చదువుతున్నాననే అనుకున్నాను. పుట ఎప్పుడు తిప్పాలో కూడా నాకు కంఠస్థమే కనుక, చూసేవాళ్లకు అనుమానం రావడానికి ఏమీ లేదు. పంతులును నేను తప్పుపట్టను. ఆయనకు తిండి పెట్టే ఇంట్లో ఆయన మర్యాదగా ఉన్నాడు.

ఎవరైనా పెద్దమనుషులు వస్తే నాయిన నన్ను పిలిపించేవారు. పంతులు వచ్చి పుస్తకం తెరిచి మొదటి మాట అందించేవాడు. నేను అందుకొని ఉరికేవాణ్ణి. వచ్చినవాళ్లు బహుత్ ఖూబ్ అనేవారు. తలుపు వెనక నిలబడి నాయినమ్మ వినేది. ఆమెకు తెలుగు కూడా చదవరాదు. నా గొంతులోని వేగమే ఆమెకు చదువు.

తర్వాత దాయాదుల దావా నడిచింది, ఓడిపోయాం. గడి మా పెదనాయిన పాలైంది. దాని గురించి ఎక్కువ రాయడం నాకు ఇష్టం లేదు. మేము సిద్దిపేటకు వచ్చి, బజారు వెనక ఒక బట్టల వ్యాపారి ఇంట్లో సగభాగం కిరాయికి తీసుకొని ఉన్నాం. వంటగదికీ వ్యాపారి గోదాముకూ నడుమ ఒక్క గోడ. కొత్త బట్టల గంజి వాసన మా అన్నంలోకి వచ్చేది. యుద్ధం రోజులు, కిరసనాయిలు దొరకదు. అయినా నాయిన బయటికి పోతే షేర్వానీ గుండీలు మెడదాకా పెట్టుకొని, చేతికర్ర పట్టుకొనే పోయేవారు. పొద్దున్నే బడి గేటుదాకా నా వెంట వచ్చేవారు. వెనక నడవడానికి మనిషి లేడు గనుక ఆయనే నాకు వెనక మనిషిలాగా, నేను ఆయనకు ముందు మనిషిలాగా ఉండేవాళ్లం.

ఆయనకు ఒక నమ్మకం ఉండేది. నిజాం ఇచ్చిన సన్నదు పత్రాలు, వంశవృక్షాలు చూసే రోజులు పోయాయని, ఇక ఏ కచేరీకి పోయినా ఇంగ్లీషు మాట్లాడేవాడికే కుర్చీ వేస్తారని అనేవారు. ఆ ఇంట్లో చేరిన కొత్తలో నాయినమ్మ ఏడుస్తుంటే ఆయన అన్నమాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"దావాల అన్ని పోయినయమ్మా. వీని ఇంగ్లీషు ఒక్కటి పోలేదు. అది ఎవ్వడు పంచుకోలేడు."

ఆ మాట విన్నప్పుడు నేను గర్వపడ్డాను. బడిలో చేరిన మొదటిరోజే ఆ గర్వం ముగిసింది.

రెండో తరగతి, అంటే ఎనిమిదో జమాత్ ఇంగ్లీషు తరగతి, నాకు ఒక్కరోజే. అక్కడి మాస్టరు బెజవాడ నుంచి వచ్చిన యువకుడు. మెత్తగా మాట్లాడేవారు. పిల్లల్ని కూడా మీరు అనేవారు. బెత్తం ఆ గదిలోనే ఉండేది కాదు. పాఠం చెబుతూ ఏదో ఇంగ్లీషులో అంటే ముందు వరస వాళ్లు నవ్వేవారు. ఆ నవ్వు వింటే వాళ్లు ఏదో పెద్ద ఇంటి లోపల ఉన్నట్టు, నేను బయట అరుగు మీద ఉన్నట్టు అనిపించింది.

ఆయన నాకు పుస్తకం ఇచ్చి చదవమన్నారు. నేను లేచి నిలబడ్డాను. పుస్తకం సరిగ్గా పట్టుకున్నాను. ఆయన మొదటి మాట అందిస్తారని చూశాను. ఆయన నేను మొదలుపెడతానని చూశారు. అట్లా కొంతసేపు ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పొగరనుకున్నారేమో, కొంచెం ఎర్రబడ్డారు. తర్వాత పుట తిప్పి ఇంకోచోట చూపించారు. నేను అప్పుడు పుస్తకంలోకి చూశాను. ఒక్క మాట కూడా నాకు తెలిసిన ముఖం పెట్టుకొని లేదు.

"కూర్చోండి, ఫరవాలేదు," అన్నారు ఆయన.

ఎంతో మర్యాదగా అన్నారు. నా జీవితంలో నన్ను అంత మర్యాదగా ఎవరూ బయటికి పంపలేదు.

మధ్యాహ్నం సదర్ సాహెబు తన గదికి పిలిచి, తలుపు వేసి మాట్లాడారు. మిగిలిన పాఠాల్లో నేను బాగానే ఉన్నానని, ఇంగ్లీషు మాత్రం ఐదో జమాత్ పిల్లలతో మొదటినుంచి నేర్చుకోవాలని చెప్పారు. మీ నాయినగారికి నేను చెప్పనా అని అడిగారు. నేనే చెప్పుకుంటాను అన్నాను. ఆయన సరే అన్నారు.

ఇంట్లో చెప్పలేదు. చెప్పాలని ప్రతి సాయంత్రం అనుకునేవాణ్ణి. కాని దీపం పెట్టగానే నాయినమ్మ తన పీట ముందుకు జరుపుకొని కూర్చునేది. నాయిన చేతికర్ర గోడకు ఆనించి, ఆ గడినాటి పుస్తకం మొదటి పాఠం దగ్గర తెరిచి నా చేతికిచ్చేవారు. నేను అందుకొని ఉరికేవాణ్ణి. ఇంట్లో దీపం ముందు వేగంగా ఇంగ్లీషు, బడిలో పగటి వెలుతురులో ఒక్క మాట కూడా లేని ఇంగ్లీషు. ఈ రెంటి నడుమ నేను రోజూ తిరిగేవాణ్ణి.

ఐదో జమాత్ గది వెనక గోడకు ఆనుకొని సాలోళ్ల వాడ. మగ్గాల చప్పుడు పాఠం మధ్యలో కలిసిపోయేది. బల్లలు చిన్నవి. నా మోకాళ్లు బల్లకు తగిలి దాన్ని పైకి లేపేవి, అప్పుడు పక్కవాడి పలక జారి కిందపడేది. అక్కడి మాస్టరు సాబు ఈ ఊరివాడే, తెల్లగడ్డం ముసలాయన. ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడేవారు. ఎవరైనా ఆయనకు ఒక్కటే. నల్లబల్ల మీద ఒక మాట రాసి, వేలు చూపి, ఎవడో ఒకణ్ణి అడిగేవారు. వాడు చెప్పకపోతే పక్కవాడు. చెప్పినవాడు లేచి వచ్చి, చెప్పనివాడి ముక్కు ఎడమచేత్తో పట్టుకొని కుడిచేత్తో చెంప మీద కొట్టాలి. తర్వాత వాడి పై స్థానంలో కూర్చోవాలి. ఆ రోజుల్లో చాలా బడుల్లో ఉన్న పద్ధతే అది. కాని గడిలో పెరిగిన నేను అది ఎప్పుడూ చూడలేదు.

అక్కడ చేరిన కొద్దిరోజులకు నా వంతు వచ్చింది. మాస్టరు సాబు రాసిన మాట గుర్రం అని అర్థం వచ్చే మాట. గడి పుస్తకంలో గుర్రం పాఠం మొత్తం నాకు వచ్చు. నిద్రలో లేపినా చెప్పేవాణ్ణి. కాని నల్లబల్ల మీద ఒంటరిగా ఉన్న ఆ మాటను నేను గుర్తుపట్టలేదు. ఊరేగింపులో రోజూ చూసే మనిషి బజార్లో ఒక్కడే ఎదురైతే పోల్చుకోలేనట్టు ఉంది.

పక్కనున్న పిల్లవాడు చెప్పేశాడు. వాడు బజారు చివర కల్లు దుకాణం నడిపే గౌడ్ కొడుకు. వాళ్లది మా ఊరే. వాడి తాత మా తాటివనంలో చెట్లు గీసినవాడు. వాడు నన్ను చూసిన మొదటిరోజే లేచి నిలబడ్డాడు. మాస్టరు సాబు కసిరితే కూర్చున్నాడు.

"కొట్టు," అన్నారు మాస్టరు సాబు.

వాడు నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. వాడి తల నా రొమ్ముదాకా వచ్చింది.

"దొరా, జర వంగుండ్రి," అన్నాడు మెల్లగా.

నేను వంగలేదు. పంతం అని అందరూ అనుకుని ఉంటారు. నిజానికి నా వీపుకు ఆ మాట అర్థం కాలేదు.

"అందుతలేదు సార్," అన్నాడు వాడు వెనక్కి తిరిగి.

"బల్ల ఎక్కు."

వాడు బల్ల ఎక్కాడు. ఇప్పుడు నా ముఖమూ వాడి ముఖమూ సమానమయ్యాయి. చెయ్యి ఎత్తి, ఆపి, అడిగాడు.

"కొట్టనా దొరా?"

వెనక నుంచి ఎవడో, "బాంచెన్ కాల్మొక్త అని అడుగురా, ఒప్పుకుంటరు," అన్నాడు. గది అంతా గొల్లుమంది. మగ్గాల చప్పుడు కూడా ఆగినట్టు నాకు అనిపించింది, బహుశా ఆగలేదు.

వాడు నా ముక్కును రెండు వేళ్లతో పువ్వును పట్టుకున్నట్టు పట్టుకొని, చెంపను తాకి తాకనట్టు తాకాడు.

"గట్లనా కొట్టేది? ఈగను తోల్తున్నవా?" అన్నారు మాస్టరు సాబు. "వానికి నువ్వు కొట్టకుంటె నీకు నేను కొడుత."

అప్పుడు కొట్టాడు. పెద్ద దెబ్బేమీ కాదు. గడిలో మా మనుషులు మా కళ్లముందే రైతులను కొట్టిన దెబ్బల్లో అది లెక్కలోకి రాదు. ఆ పోలిక అప్పుడు నాకు తట్టలేదు. అప్పుడు తట్టింది ఒక్కటే. ముక్కు పట్టుకోవడం వల్ల కళ్లలోకి నీళ్లు వచ్చాయి, అవి ఏడుపు కావని ఎవరికి చెప్పాలో తెలియలేదు.

విరామం గంటకు వాడు గోలెం దగ్గర నన్ను పట్టుకున్నాడు. అటూ ఇటూ చూసి చెప్పాడు.

"మా బాపుకు చెప్పకుండ్రి దొరా. దొరను కొట్టిన్నని తెలిస్తె నన్ను సంపుతడు."

చెప్పనన్నాను. వాడు ఊపిరి పీల్చుకున్నాడు. పోబోతూ ఆగి, "మీరు జర చదువుండ్రి. రోజు కొట్టాలంటె నాకు భయమైతది," అన్నాడు.

వాడు పరిహాసం చేయలేదు. నిజంగానే బతిమాలాడు. నన్ను కొట్టకుండా ఉండేందుకు వాడికి కనిపించిన ఒకే ఒక దారి నేను చదువుకోవడం. నా మీద జాలితో కాదు, వాళ్ల బాపు మీది భయంతో. అది నాకు మరింత చిన్నతనంగా తోచింది. అయినా చెప్పాలంటే, ఇంగ్లీషు నేర్చుకోవడానికి నాకు ఎవరూ ఇంతకంటె మంచి కారణం ఇవ్వలేదు.

నేర్చుకున్నాను. పంక్తి కింద వేలు పెట్టి, అక్షరం తర్వాత అక్షరం కూడబలుక్కుంటూ, చిన్నపిల్లలతో కలిసి రాగం తీస్తూ నేర్చుకున్నాను. ఆ రాగం ఐదో జమాత్‌కే ప్రత్యేకం. ప్రతి మాట చివరా గొంతు పైకి లేచేది. మాస్టరు సాబు నా బల్ల దగ్గర ఆగి తన వేలు నా వేలి పక్కన పెట్టేవారు. గోళ్లకు సున్నం, తమలపాకు వాసన. తప్పు చదివితే ఆయన వేలు కదిలేది కాదు. సరిగ్గా చదివేదాకా నా వేలు కూడా అక్కడే ఉండాలి. బెజవాడ మాస్టరు గదిలో రానివాడు రానట్టే దాక్కోవచ్చు, ఆయన రెండోసారి అడగరు. ఎనిమిదో జమాత్‌లో చాలామంది నేను గడిలో చదివినట్టే చదివేవారని తర్వాత తెలిసింది. ఐదో జమాత్‌లో దాక్కోవడానికి చోటు లేదు. ఆ గదిని నేను అసహ్యించుకున్నాను. నాకు చదువు వచ్చింది ఆ గదిలోనే. ఈ రెండు సంగతులూ ఒకదాన్నొకటి ఎప్పుడూ కొట్టివేయలేదు.

ఒకరోజు బజార్లో హైదరాబాదు పోయే బస్సు ఆగి ఉంటే, దాని నెత్తిమీది ఇంగ్లీషు మాటను ఎవరూ అందించకుండా చదివాను. ఊరిపేరే. లోపల ఏదో ఎగిరినట్టయింది. వెంటనే సిగ్గేసింది. మీసం వచ్చే వయసులో బస్సు మీది ఊరిపేరు చదివి సంబరపడుతున్నాను.

చలి తగ్గే రోజుల్లో బడికి ఇన్‌స్పెక్టర్ సాహెబు తనిఖీకి వచ్చారు. పాత కుటుంబాల పెద్దలను అట్లాంటి రోజు పిలిచి కుర్చీ వేయడం సదర్ సాహెబుకు అలవాటు. నాయినను కూడా పిలిచారు. ఆయన షేర్వానీకి ఇస్త్రీ చేయించుకొని వచ్చారు. వరండాలో కుర్చీలో కూర్చున్నారు. ఎన్నాళ్లకో ఎవరో వేసిన కుర్చీ అది. దూరం నుంచే ఆయన కూర్చున్న తీరు చూసి నాకు తెలిసింది.

ఇంగ్లీషు గంట కొట్టేవేళకు నేను ఏ గదిలో ఉండాలో తేల్చుకోవాలి. నాయిన ముందునుంచి ఆవరణ దాటి ఐదో జమాత్‌కు పోవడం నావల్ల కాదు. సదర్ సాహెబు నా దగ్గరికి వచ్చి, ఈ ఒక్కరోజు నీ ఇష్టం అన్నారు. నేను ఎనిమిదో జమాత్‌లోనే వెనక వరసలో కూర్చున్నాను.

ఇన్‌స్పెక్టర్ సాహెబు, సదర్ సాహెబు, వెనక నాయిన లోపలికి వచ్చారు. మేమంతా లేచాం. ఇన్‌స్పెక్టర్ సాహెబు మర్యాదకు, మీ అబ్బాయి ఎవరని అడిగారు. నాయిన చేతికర్రతో నన్ను చూపించి, ఇతనికి ఇంగ్లీషు ఇంట్లోనే పంతులును పెట్టి చెప్పించామని ఉర్దూలో చెప్పారు. వినండి అన్నారు. ఆ మాటను ఆయన గడిలో అతిథులతో అన్నట్టే అన్నారు.

ఇన్‌స్పెక్టర్ సాహెబు మాస్టరు బల్ల మీది పుస్తకం తీసి, నడుమ ఎక్కడో తెరిచి నా చేతికిచ్చారు.

నాకు రెండు దారులున్నాయి. కళ్లు పుస్తకం మీద పెట్టి గడి పాఠం అందుకుంటే నాయిన తల ఎత్తుకొని ఉంటారు. ఇన్‌స్పెక్టర్ సాహెబుకు మాత్రం తెలిసిపోతుంది. ముందున్న పుటనే చదివితే ఆయన ఒప్పుకుంటారేమో. నాయిన ఏమనుకుంటారో తెలియదు. నేను ఎంచుకున్నానని చెప్పలేను. నా వేలు దానంతటదే పోయి పంక్తి కింద నిలబడింది.

చదివాను. ఐదో జమాత్ రాగంతో, ప్రతి మాట చివరా గొంతు లేపుతూ, పెద్ద మాట వచ్చినచోట ఆగి, విడగొట్టి, కలుపుకొని చదివాను. ముందు వరసలో భుజాలు కదిలాయి, నవ్వు ఆపుకుంటున్నారు. బెజవాడ మాస్టరు నేలవైపు చూస్తున్నారు. ఒక పేరా పూర్తి చేసి ఆగాను.

ఇన్‌స్పెక్టర్ సాహెబు తల ఊపారు. మెల్లగానే అయినా తనంతట తాను చదువుతున్నాడు, మంచిది అని సదర్ సాహెబుతో అన్నారు. ఇంకో పిల్లవాణ్ణి లేపారు.

నేను నాయిన ముఖం చూశాను. నా ఇంగ్లీషు ఉరకడం మాత్రమే విన్న మనిషి. ఇప్పుడు అది కర్ర పట్టుకొని నడవడం విన్నారు. ఇన్‌స్పెక్టర్ సాహెబు మెచ్చుకోలు ఆయనకు పెద్దల మర్యాదగా, ఇంకా చెప్పాలంటే దానంగా వినిపించి ఉంటుంది.

తనిఖీ ముగిసి ఇన్‌స్పెక్టర్ సాహెబు పోయాక నాయిన నన్ను వరండాకు పిలిచారు. సదర్ సాహెబు పక్కనే ఉన్నారు. నాయిన గొంతు పెంచలేదు.

"గడిల ఉన్నప్పుడు గుర్రమోలె ఉరికేటోడు సాహెబ్. మీ దగ్గరికొచ్చినంక కుంటుతుండు. రేపటి నుంచి బడికి పంపను. ములుగు పంతులును మళ్ల పిలిపిస్త."

సదర్ సాహెబు నావైపు చూశారు. చెప్పవలసింది ఆయనకు తెలుసు, చెప్పలేదు. నేనే చెప్పుకుంటానన్న మాటను ఆయన ఇంకా నా దగ్గరే ఉంచారు.

"నాయినా, నాకు అప్పుడు చదువ రాకుండె," అన్నాను. "పంతులు ముందు అంటె నేను వెనక అన్న. గంతే."

"పుట తిప్పేటోనివి గద."

"అది గూడ యాదికుండె."

ఆయన ఆవరణ వైపు తిరిగారు.

"ఇప్పుడు?"

"ఇంగ్లీషుకు ఐదో జమాత్‌ల కూసుంటున్న. బడిల చేరినప్పటి నుంచి."

నేను అనుకున్నది, ఎందుకు దాచావని అంటారని. లేదా ఐదో జమాత్‌లో ఎవరెవరు ఉన్నారని అడుగుతారని. అడిగితే గౌడ్ కొడుకు సంగతి కూడా చెప్పేద్దామని సిద్ధపడ్డాను. ఆయన వేరే అడిగారు.

"అంటె పంతులుకు ఎరుకే."

"ఎరుకే నాయినా."

"నీకు?"

"నాకు ఎరుక లేకుండె."

ఆయన చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డారు. ఆయన మనసులో ఎవరెవరు నడిచిపోతున్నారో నేను చూడగలిగాను. బహుత్ ఖూబ్ అన్న పెద్దమనుషులు ఒక్కొక్కరే. వాళ్లలో ఇంగ్లీషు వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. పంతులు ఒక్కడికే కాదు, వాళ్లందరికీ తెలిసే ఉండాలి. తెలిసీ మా అన్నం తిని, మా కుర్చీల్లో కూర్చుని, మెచ్చుకొని పోయారు. దావాలో ఓడినప్పుడు ఆయన ముఖం అట్లా కాలేదు. అప్పుడు ఎదుటివాళ్లు శత్రువులు.

ఆయన కుర్చీ వెనకనే ఉంది. కూర్చోలేదు.

"ఈడ నిలవడకు. లోపలికి పో," అన్నారు. సదర్ సాహెబుకు సలాం చేసి, గేటు వైపు నడిచారు. బడి మాన్పించే మాట మళ్లీ ఎత్తలేదు.

సాయంత్రం ఇంటికి పోతే నాయినమ్మ గుమ్మంలోనే ఉంది. పొద్దుటినుంచి ఎదురుచూస్తున్నట్టుంది. పెద్ద సాహెబు ముందు వీడు ఎట్లా చదివాడని నాయినను అడిగింది. ఆయన ఆమె కొడుకు కనుక అడగవచ్చు.

"చదివిండు," అన్నారు నాయిన.

"ఎట్ల చదివిండు?"

"మంచిగ చదివిండు. సాహెబు తల ఊపిండు."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. నాయినమ్మ చేతులెత్తి దండం పెట్టుకొని, పీట ముందుకు జరుపుకొంది. తనకూ ఒకసారి వినిపించమంది. నేను పుస్తకం కోసం లేవబోయాను.

"ఇయ్యాల వద్దమ్మా. అలిసిపోయిండు," అన్నారు ఆయన.

మర్నాడు కూడా వద్దన్నారు. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. నేను పెద్దవాణ్ణయ్యానని, ఇక ఆడవాళ్ల ముందు చదవనని అనుకొని ఉంటుంది. ఆమెకు ఆ నమ్మకం చివరిదాకా ఉంది. నన్ను కాపాడటానికి నాయిన అన్న ఆ రెండు మాటలు నా చెంపమీద పడ్డ ఏ దెబ్బకంటె కూడా ఎక్కువ కాలం ఉన్నాయి. ఆయన నాకోసం అబద్ధం కానిదాన్ని ఏరి ఏరి చెప్పాల్సివచ్చింది. అంతకుముందు మా ఇంట్లో ఏ మాటనూ ఎవరూ ఏరుకొని మాట్లాడలేదు.

పొద్దున బడికి నా వెంట రావడం ఆయన మానలేదు. కాని గేటుదాకా రాలేదు. సాలోళ్ల వాడ మూలదాకా వచ్చి ఆగిపోయేవారు.

ఎండాకాలం సెలవులకు ముందు సదర్ సాహెబు నన్ను పిలిచి, ఇక నీ జమాత్‌లోనే ఇంగ్లీషుకు కూర్చోవచ్చన్నారు. మాస్టరు సాబే చెప్పారట. గౌడ్ కొడుకు నా స్థానం ఖాళీ అయినందుకు పైకి జరిగి కూర్చున్నాడు. వెళ్లొస్తానంటే లేచి నిలబడబోయి, మాస్టరు సాబు చూస్తున్నారని మళ్లీ కూర్చున్నాడు.

ఆ రోజు ఇంటికి తొందరగా వచ్చాను. నాయిన ముందు గదిలో, కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. సెలవులయ్యాక నేను నా జమాత్ పిల్లలతో కలిసే ఇంగ్లీషు చదువుతానని చెప్పాను. ఆయన సంతోషిస్తారని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. ఆయన ముఖం చూశాక తెలిసింది. చెప్పకుండా ఉంటే బాగుండేది. ఇన్ని నెలలూ నేను రోజూ ఎక్కడికి పోయి కూర్చున్నానో ఆయన మరిచిపోవడానికి చేసిన ప్రయత్నమంతా నేను ఒక్క మాటతో తుడిచేశాను.

"మంచిది," అన్నారు.

వంటగదిలోంచి నాయినమ్మ, ఏది మంచిదని అడిగింది.

"ఏం లేదమ్మా," అన్నారు నాయిన. "బడి ముచ్చట."